మొక్కజొన్న చేలో పుట్టిన కొండ

కొండలకు పుట్టినరోజు తెలియడం అరుదు. హిమాలయాల వయస్సు అడిగితే శాస్త్రజ్ఞులు కోట్ల సంవత్సరాల్లో చెబుతారు. తిరుమల కొండల సంగతి అడిగితే ఇంకా చాలా వెనక్కు పోతారు. కాని మెక్సికో దేశంలో ఉన్న ఒక కొండకు మాత్రం పుట్టిన తేదీయే గాక వారమూ, వేళా కూడా తెలుసు. 1943 ఫిబ్రవరి 20, శనివారం, సాయంత్రం నాలుగున్నర ప్రాంతం. పుట్టిన చోటు ఒక రైతు మొక్కజొన్న చేను. ఆ పురుడు కళ్ళారా చూసినవాళ్ళున్నారు.

ఆ రైతు పేరు డియోనీసియో పులీదో. మెక్సికో నగరానికి పడమరగా సుమారు 320 కిలోమీటర్ల దూరాన, మిచోవాకాన్ రాష్ట్రంలో, పరీకుటిన్ అనే చిన్న పల్లె ఆయనది. ఆయన చేలో ఎన్నాళ్ళనుంచో ఒక గుంట ఉండేది. చెత్తా చెదారమూ వేసి ఎంత పూడ్చినా ఆ గుంట పూర్తిగా పూడేది కాదని చెప్పుకునేవారు. అయినా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మన పల్లెల్లో మాత్రం ప్రతి చేనుకూ, ప్రతి చెరువుకూ ఇల్లాంటి కథ ఒకటి ఉండదూ?

ఫిబ్రవరి మొదటివారంలో నేల కదలడం ప్రారంభించింది. మొదట అప్పుడొకటీ అప్పుడొకటీగా వచ్చిన అదుర్లు రాను రాను ఎక్కువైనాయి. 19వ తేదీ ఒక్కరోజే సుమారు మూడు వందల అదుర్లు వచ్చాయి. ఆకాశాన మబ్బు తునక లేదు గాని భూమిలోనుంచి ఉరుములు వినిపిస్తున్నాయి. పక్కనే ఉన్న పెద్ద ఊరు సాన్ హువాన్‌లో జనం ఇళ్ళు కూలుతాయేమోనని బిక్కుబిక్కుమంటూ గడిపారు.

మర్నాడు పులీదో మామూలుగానే చేనికి పోయాడు. విత్తనాల కాలం దగ్గర పడుతున్నది మరి. భార్య గొర్రెలను చూసుకుంటున్నది. ఆయన కొమ్మా రెమ్మా పోగు చేసి తగలబెడుతూ చూస్తే, గుంటకు అడ్డంగా నేల నెర్రె విచ్చి ఉంది. లోతు మూరెడుకన్న ఎక్కువ లేదు. సరేలెమ్మని పనిలో పడ్డాడు. ఇంతలో ఉరిమినట్టు చప్పుడై చెట్లు వణికాయి. భార్యతో ఏదో చెప్పబోతూ వెనక్కు తిరిగి చూసేసరికి గుంట దగ్గర నేల రెండు మీటర్లకు పైగా ఉబ్బి ఉంది. దానిలోనుంచి బూడిదరంగు పొగ ఈల వేస్తూ పైకి లేస్తున్నది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు గుప్పుమన్నది. పులీదో దేవుణ్ణి తలుచుకుని, ఊరికేసి పరుగు తీశాడు.

ఆ రాత్రి దూరం నుంచి చూసినవాళ్ళకు పొలంలోనుంచి ఎర్రగా కాలిన రాళ్ళు మతాబాల్లాగా ఎగిరిపడటం కనిపించింది. తెల్లవారేసరికి చేను లేదు. చేను ఉన్నచోట ఒక దిబ్బ ఉంది. మొదటి ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి ఆ దిబ్బ సుమారు 50 మీటర్లు పెరిగింది. వారం తిరిగేసరికి 100 మీటర్లు దాటింది. ఏడాది నిండేసరికి దాని ఎత్తు 336 మీటర్లు. తొమ్మిదేళ్ళ తరవాత, 1952 మార్చి 4న, అది చల్లారిపోయేనాటికి 424 మీటర్లు. అంటే మొదటి సంవత్సరం 336 మీటర్లు పెరిగిన కొండ తక్కిన ఎనిమిదేళ్ళలోనూ కలిసి 88 మీటర్లే పెరిగింది. ఎదుగుదలంతా పసితనంలోనే అయిపోయిందన్న మాట.

పుట్టినప్పటినుంచి చచ్చేదాకా మనుషులు దగ్గరుండి చూసిన అగ్నిపర్వతాలు బహు కొద్ది. అందుకే పరీకుటిన్ అంటే శాస్త్రజ్ఞులకు అంత మక్కువ. పుట్టిన రెండు రోజులకే మెక్సికో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎజెకియేల్ ఒర్దోన్యెస్ అక్కడికి చేరుకున్నాడు. డాక్టర్ ఆట్ల్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన చిత్రకారుడొకాయన అక్కడే మకాం వేసి, ఆ కొండ పెరుగుతూ ఉండగా బొమ్మలు గీశాడు.

ఈ కథ మా అన్నయ్య కొడుకుకు చెబుతుంటే వాడు నన్నొక ప్రశ్న వేశాడు.

“బాబాయ్, నేల కింద నిప్పెవరు పెట్టారు?”

నా ఉద్దేశంలో ఇది చాలా మంచి ప్రశ్న. అగ్నిపర్వతమనే మాటే మనల్ని పెడదోవ పట్టిస్తున్నది. నిజానికి అక్కడ మండేది ఏమీ లేదు. కట్టె లేదు, బొగ్గు లేదు, నూనె లేదు. మనం పొగ అనుకునేది నీటి ఆవిరి, ఇతర వాయువులు, పిండిపిండి అయిన రాయి. బూడిద అనేది మన పొయ్యిలో బూడిదలాంటిది కాదు. అది సన్నగా పగిలిన గాజు పెంకుల పొడి. నాలిక మీద వేసుకుంటే కరగదు, పళ్ళ కింద కరకరలాడుతుంది. మంట అనిపించేది ఎర్రగా కాగిన రాతి వెలుగు. కమ్మరి కొలిమిలోనుంచి తీసిన ఇనుము మండుతున్నదని ఎవరూ అనరు గదా!

ఇంకో పొరపాటు కూడా మనలో చాలామందికి ఉంది. భూమి పైన పెంకులాగా గట్టిగా ఉంటుందనీ, ఆ పెంకు కింద అంతా కుతకుతలాడే రాతిరసమేననీ, పెంకుకు చిల్లు పడితే అది పైకి చిమ్ముతుందనీ అనుకుంటాం. అది సరికాదు. మన కాళ్ళ కింద వందల కిలోమీటర్ల లోతున ఉన్న రాయి విపరీతమైన వేడి మీద ఉన్న మాట నిజమే గాని, అది రసం కాదు, గట్టి రాయే. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరగక ఇంకా పై వేడికి పోతాయని ఇంట్లో ఆడవారందరికీ తెలుసు. ఒత్తిడి ఎక్కువైతే మరగడం ఆలస్యమవుతుంది. రాయి కరగడం కూడా అంతే.

మరి కరిగేదెప్పుడు? ముఖ్యంగా రెండు సందర్భాలున్నాయి. ఒకటి, లోతున ఉన్న వేడిరాయి మెల్లిగా పైకి జరిగి బరువు తగ్గినప్పుడు. హవాయి దీవుల్లో అగ్నిపర్వతాలు ఇల్లా పుట్టినవే. రెండోది ఇంకా చిత్రమైంది. ఐస్‌క్రీం తయారుచేసేవాడు డబ్బా చుట్టూ ఐసుముక్కలు పేర్చి వాటిమీద ఉప్పు చల్లటం మీరు చూసే ఉంటారు. ఉప్పు తగిలితే ఐసు, మామూలుగా కరగవలసినదానికన్న తక్కువ వేడికే కరిగిపోతుంది. రాయికి ఆ ఉప్పు నీళ్ళే. నీళ్ళు తగిలిన వేడిరాయి, పొడిగా ఉన్నప్పుడు కరగని వేడికి కూడా కరుగుతుంది.

అంత లోతుకు నీళ్ళెల్లా పోతాయి? భూమి పైపొర ఒకే పెంకు కాదు. పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి, ఏడాదికి కొద్ది సెంటీమీటర్ల చొప్పున, మన గోళ్ళు పెరిగే వేగంతో కదులుతూ ఉంటుంది. మెక్సికో పడమటి తీరంలో సముద్రం అడుగున ఉన్న పలక ఒకటి ఖండం కిందికి దూరిపోతున్నది. కోట్ల సంవత్సరాలు సముద్రంలో నానిన ఆ పలక తనతో నీళ్ళు కూడా లోపలికి మోసుకుపోతుంది. లోతుకు దిగినకొద్దీ ఆ నీళ్ళను విడుస్తుంది. అవి పైనున్న వేడిరాయికి తగిలి కొంత రాయి కరుగుతుంది. కరిగిన రసం చుట్టూ ఉన్న రాయికన్న తేలిక గనక పైకి దారి వెతుక్కుంటుంది. జపానూ, ఇండోనీషియా, ఫిలిప్పైన్స్, దక్షిణ అమెరికా పడమటి అంచూ, అన్నిటా ఇదే కథ.

ఆ విధంగా పైకి వచ్చిన రసం 1943లో పులీదో చేలో బయటపడింది. అక్కడే ఎందుకు, పక్క చేలో ఎందుకు కాదు అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ గుంట ఉన్నచోట భూమిలో బలహీనమైన పగులు ఉండి ఉండవచ్చును.

ఇంతవరకు రాయి కరగడమే చెప్పాను. కాని కరిగిన రాయి ఊరికే పైకి పొంగి పారకుండా ఆకాశానికి ఎగరడమేమిటి? ఇక్కడ నాకు మా వీధి చివర సోడాబండి పనికివచ్చింది. మా అన్నయ్య కొడుకును అక్కడికి తీసుకుపోయి గోలీసోడా కొట్టించాను. గోలీ కిందికి పడగానే సీసాలో అడుగునుంచి బుడగలు లేచి నురుగు మూతిదాకా పొంగింది.

“ఆ బుడగలు గోలీ కొట్టకముందు ఎక్కడున్నయిరా?” అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, “నీళ్ళల్లోనే కలిసిపోయి ఉన్నాయి బాబాయ్,” అన్నాడు.

అంతే. లోతున ఉన్న రాతిరసంలో నీటి ఆవిరీ, బొగ్గుపులుసు వాయువూ, గంధకపు వాయువులూ కలిసిపోయి ఉంటాయి. కొన్ని రకాల రసంలో బరువుకు నూటికి నాలుగైదు పాళ్ళు నీళ్ళే ఉంటాయి. రసం పైకి వచ్చి ఒత్తిడి తగ్గేసరికి ఆ వాయువులు బుడగలు కడతాయి. నీరు ఆవిరైతే వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. అగ్నిపర్వతాన్ని పేల్చేది ఈ బుడగలే.

అయితే సోడా సీసా సగం సంగతే చెబుతుంది. తక్కిన సగం వంటింట్లో ఉంది. అరిసెలకు బెల్లం పాకం పట్టేటప్పుడు చూడండి. లేతపాకంలో బుడగ లేచి హాయిగా పగిలిపోతుంది. పాకం ముదిరినకొద్దీ బుడగ పైకి రావటం కష్టమై, ఉబ్బి ఉబ్బి ఒక్కసారి టప్పుమని పగులుతుంది. చేతిమీద చింది బొబ్బ లేస్తుంది. రాతిరసానికి ముదురుతనం ఇచ్చేది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం. హవాయి రసంలో ఇది నూటికి సుమారు 50 పాళ్ళు. ఆ రసం లేతపాకం. బుడగలు సులువుగా పోతాయి, లావా ఏరులై పారుతుంది. పర్యాటకులు దూరాన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. 60 పాళ్ళు దాటి ముదిరిన రసంలో బుడగలు ఇరుక్కుపోయి, చివరకు కొండ శిఖరాన్నే ఎగరగొడతాయి. పరీకుటిన్ మొదలైనప్పుడు సిలికా 55 పాళ్ళుండి, ఆగిపోయేనాటికి 60 పాళ్ళ దాకా వచ్చింది. అంటే ఒకే అగ్నిపర్వతం తొమ్మిదేళ్ళలో పాకం మార్చుకున్నది!

కొండ ఆకారం కూడా ఈ పాకాన్నిబట్టే ఉంటుంది. అగ్నిపర్వతం ముందు కొండగా ఉండి తరవాత పేలేది కాదు. తాను కక్కినదాన్నే తన చుట్టూ పోగు చేసుకుని కొండ అవుతుంది. లేతపాకం పెనం మీద దోసెపిండిలాగా దూరదూరాలకు పరుచుకుని, పొర మీద పొరగా లక్షల సంవత్సరాలు పేరుకుంటుంది. హవాయిలోని మౌనా లోవా ఇల్లా తయారైందే. సముద్ర మట్టానికి పైన 4,169 మీటర్లు కనిపిస్తుంది గాని, సముద్రం అడుగునుంచి కొలిస్తే ఎవరెస్టును మించుతుంది. దూరం నుంచి చూస్తే కొండలాగానే ఉండదు, బోర్లించిన పళ్ళెంలాగా ఉంటుంది.

పరీకుటిన్ తీరు వేరు. అది చిమ్మిన రాతి గుల్లలు గాలిలోనే చల్లబడి బిలం చుట్టూ రాలాయి. కళ్ళంలో ధాన్యం రాశి పోస్తారు చూడండి. గంప మీద గంప ఎన్ని పోసినా రాశి పెద్దదవుతుందే గాని దాని వాలు మారదు. ఎక్కువ నిటారుగా పోయబోతే గింజలు జారిపోతాయి. పరీకుటిన్ కూడా అచ్చంగా అటువంటి రాశే. అందులో ఇంకో తమాషా ఉంది. లావా శిఖరం నుంచి పొర్లలేదు. వదులుగా పడి ఉన్న గుల్లల రాశి అంత బరువైన రసాన్ని మోయలేదు గనక, అది కొండ మొదలు దగ్గర పక్కలు చీల్చుకుని బయటికి పారింది. శిఖరం పేలుతూ ఉంటే, పాదం కారుతూ ఉండేది.

ఇక రెండు రకాలూ కలిసినవి మూడోరకం. ఒకసారి బూడిదా రాళ్ళూ, ఇంకోసారి లావా, మళ్ళీ బూడిద. ఈ విధంగా వేల సంవత్సరాలు పొరలు వేసుకున్న కొండలు చాలా అందంగా ఉంటాయి. జపానులో 3,776 మీటర్ల ఫ్యూజీ ఇటువంటిదే. అది చివరిసారి పేలింది 1707లో. అందమైన అగ్నిపర్వతాలే ప్రమాదకరమైనవి కావటం ప్రకృతి పెట్టిన మెలిక. ఎందుకంటే ఆ సొగసైన వాలంతా వదులుగా పేర్చిన పొరలు. పెరగటం ఎంత సహజమో, కూలటమూ అంత సహజం. 1883లో క్రకటోవా పేలి సముద్రంలో కలిసిపోయిన చోటనే, 1927లో దాని బిడ్డ నీళ్ళలోనుంచి తల ఎత్తింది. తొంభై ఏళ్ళు పెరిగి 338 మీటర్లయింది. 2018 డిసెంబరు 22 రాత్రి ఒక పక్క విరిగి సముద్రంలో పడింది. లేచిన కెరటాలకు తీరాన నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మిగిలిన కొండ ఎత్తు 110 మీటర్లు. అది మళ్ళీ పెరుగుతున్నది.

పులీదో పల్లె సంగతి చెప్పకుండా ఎక్కడికో పోయాను. పరీకుటిన్ పల్లెవాళ్ళు 1943లోనే ఇళ్ళు వదిలిపెట్టవలసి వచ్చింది. బూడిద కింద పైరు చచ్చింది, మేత లేక, బూడిద తిని పశువులు వేలకొద్దీ చచ్చాయి. పెద్ద ఊరు సాన్ హువాన్ ఇంకొక ఏడాది నిలిచింది. లావా నడిచే మనిషికన్న మెల్లిగా, రోజుకు కొద్ది మీటర్లు, ఒక్కొక్కప్పుడు కొన్ని పదుల మీటర్లు వస్తున్నది. తమ గుడిలోని క్రీస్తు విగ్రహం ఉండగా లావా ఊళ్ళోకి రాదని కొందరి నమ్మకం. 1944 మే నెలలో, లావా ఊరి అంచుకు వచ్చినప్పుడు, ఆ విగ్రహాన్ని భుజాలకెత్తుకుని, ఊరంతా ఊరేగింపుగా కొత్త చోటికి నడిచిపోయింది. ఆ కొత్త చోటు పేరు కూడా సాన్ హువానే. పాత ఊరు పూర్తిగా లావా కింద పడింది. గుడి గోపురం మాత్రం గడ్డకట్టిన నల్లరాతి సముద్రంలోనుంచి ఇప్పటికీ పైకి కనిపిస్తుంది. లోపల బలిపీఠం దగ్గరకు వచ్చి లావా ఆగింది.

సుమారు 25 చదరపు కిలోమీటర్ల నేల లావా పాలైంది. తొమ్మిదేళ్ళలో లావాకు గాని, బూడిదకు గాని ఒక్క ప్రాణం పోలేదు. ముగ్గురు మాత్రం బూడిద మేఘంలో పుట్టిన పిడుగులు పడి చనిపోయారు. బూడిద రేణువులు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది.

లావా పారితే మనిషి నడిచి తప్పించుకోవచ్చు. చంపేవి వేరే ఉన్నాయి.

కొలంబియా దేశంలో నెవాదో దెల్ రూయిస్ అనే పర్వతం ఉంది. ఎత్తు 5,300 మీటర్లకు పైన. శిఖరాన ఎప్పుడూ మంచు. 1985లో అది ఏడాది పొడుగునా అదుర్లతో, ఆవిరితో హెచ్చరిస్తూనే వచ్చింది. పేలితే బురద వరద ఏయే లోయల్లో పారుతుందో చూపే పటం అక్టోబరులోనే తయారైంది. ఆర్మెరో పట్నం అందులో ప్రమాద ప్రాంతంలోనే ఉంది. నవంబరు 13 మధ్యాహ్నం ఆర్మెరో మీద బూడిద రాలింది. కంగారు పడవద్దు, ఇళ్ళల్లోనే ఉండండి అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక పర్వతం పేలింది. పేలుడు పెద్దదేమీ కాదు. కాని కాలిన బూడిద మంచు మీద పడి, కరిగిన నీళ్ళు రాళ్ళనూ మట్టినీ కలుపుకుని, తడి సిమెంటులాగా చిక్కబడి లోయలవెంట దిగాయి. ఆర్మెరో చేరడానికి ఆ బురదకు సుమారు రెండున్నర గంటలు పట్టింది. పక్కనున్న ఎత్తుల మీదికి నడిచి ఎక్కడానికి అంత సమయం అక్కరలేదు. ఎవరూ గట్టిగా చెప్పలేదు. మొత్తం 23,000 మంది చనిపోయారు. అందులో 20,000 మంది దాకా ఆ ఒక్క పట్నం వాళ్ళే.

ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. పర్వతం మీద కాదు.

ఆ బురద చూసి మనసు విరిగినవాళ్ళలో మోరీస్ క్రాఫ్ట్, కాట్యా క్రాఫ్ట్ అనే ఫ్రెంచి దంపతులున్నారు. ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఆవిడ రసాయన శాస్త్రజ్ఞురాలు. ప్రపంచంలో ఎక్కడ అగ్నిపర్వతం పేలినా కెమెరా భుజాన వేసుకుని అక్కడ వాలేవాళ్ళు. పటాలూ, నివేదికలూ చూసి అధికారులు నమ్మరనీ, కంటితో చూస్తే నమ్ముతారనీ వాళ్ళకు తోచింది. లావా ఎల్లా పారుతుంది, కాలిన బూడిద మేఘం కొండ వాలున రైలుకన్న వేగంగా ఎల్లా దూకుతుంది, బురద వరద ఊరును ఎల్లా మింగుతుంది అన్నది చూపిస్తూ ఒక చిత్రం తయారుచేశారు.

1991 ఏప్రిల్ 2న ఫిలిప్పైన్స్ దేశంలో పినతూబో అనే పర్వతం ఆవిరి చిమ్మింది. అది సుమారు అయిదు వందల ఏళ్ళుగా నిద్రలో ఉంది. దాని వాలు మీద అడవిలో ఏటా జాతివాళ్ళు కాపురముంటున్నారు. వాళ్ళల్లోనే గాక, చుట్టుపక్కల పట్నాల్లో కూడా అది అగ్నిపర్వతమన్న ఊహ చాలామందికి లేదు. ఫిలిప్పైన్ శాస్త్రజ్ఞులూ, వాళ్ళకు తోడుగా అమెరికన్ శాస్త్రజ్ఞులూ అదుర్లు కొలుస్తూ, గంధకపు వాయువు ఎంత వస్తున్నదో లెక్కిస్తూ రెండు నెలలు కాపలా కాశారు. అధికారులను ఒప్పించడానికి క్రాఫ్ట్ దంపతుల చిత్రం చూపించారు. చూసినవాళ్ళ రంగు మారింది. జనాన్ని ఖాళీ చేయించడం మొదలైంది.

జూన్ 3న జపానులో ఉన్జెన్ అగ్నిపర్వతం దగ్గర, తాము చిత్రంలో చూపించిన ఆ కాలిన మేఘం కిందనే క్రాఫ్ట్ దంపతులిద్దరూ చనిపోయారు. వాళ్ళతో కలిపి ఆ రోజు పోయినవాళ్ళు 43 మంది.

పన్నెండు రోజుల తరవాత, జూన్ 15న, పినతూబో పేలింది. ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద పేలుళ్ళలో అదొకటి. పర్వతం 250 మీటర్లకు పైగా ఎత్తు పోగొట్టుకుని, శిఖరం ఉన్నచోట రెండున్నర కిలోమీటర్ల వెడల్పు గొయ్యి మిగిలింది. అదేరోజు ఒక తుఫాను కూడా అక్కడికి వచ్చింది. బూడిద వానకు తడిసి బరువెక్కి ఇళ్ళకప్పులు కూలాయి. అప్పుడూ, తరవాత బురదల్లోనూ, శిబిరాల్లో జబ్బులతోనూ చనిపోయినవారు వందల్లో ఉన్నారు. కాని అరవై వేలమందికి పైగా ముందే కదలి ఉండకపోతే ఆ లెక్క వేలల్లో ఉండేది. పైకెగసిన గంధకపు ఆవిరి ప్రపంచమంతా తెరలాగా పరుచుకుని, మరుసటి ఏడాది భూగోళం మొత్తం మీద వేడిని సుమారు అర డిగ్రీ తగ్గించింది.

ఇవన్నీ దూరదేశాల సంగతులు, మనకేమిటి అనేవాళ్ళుంటారు. మన దేశంలో ఇప్పటికీ పేలుతూ ఉండే అగ్నిపర్వతం ఒక్కటే ఉంది. అండమాన్ సముద్రంలో, పోర్ట్ బ్లెయిర్‌కు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న బారెన్ ద్వీపం. నూరేళ్ళకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. అప్పటినుంచీ అడపాదడపా చిమ్ముతూనే ఉంది. అక్కడ జనం కాపురం లేరు గనక బాధ లేదు.

తెలుగు నేల మీద అగ్నిపర్వతం లేదు. లావా మాత్రం ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులోనూ, గోదావరి అవతల పంగిడి దగ్గరా తవ్వే నల్లరాయి అదే. ఆ క్వారీల పక్కనుంచి నేను బస్సులో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. కంకర లారీలు లేపే దుమ్ముకు కిటికీ మూసుకోవటమే గాని, ఆ రాయి చరిత్ర చాలాకాలం నా దృష్టికి రాలేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పడమటి కనుమల వైపు భూమి చీలి, దక్కను పీఠభూమి మీద లావా వరదలై పారింది. అందులో కొన్ని వరదలు నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దూరం నడిచి రాజమండ్రి చేరాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పరీకుటిన్ లావా నడిచింది పది, పదిహేను కిలోమీటర్ల లోపే! రెండు లావా పొరల నడుమ ఒక సున్నపురాతి పొర కూడా ఉంది. అందులో గుల్లలూ, నత్తలూ రాయిగా మారి కనిపిస్తాయి. ఒక వరద చల్లారి, దాని మీద నీళ్ళు నిలిచి, నత్తలు తరతరాలు కాపురం చేసిన తరవాత రెండో వరద వచ్చిందన్న మాట.

రాయి సంగతి ఇది. బూడిద కూడా ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురమనే ఊరుంది. పేరు చూసి పెద్దలకు ముందే తెలుసునని మురిసిపోకండి, అది కేవలం కాకతాళీయం కావచ్చు. ఆ ఊరి పొలాల కింద తెల్లటి మెత్తని పొడి పొరగా ఉంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. అది సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమాత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో 2,600 కిలోమీటర్లు ఎగిరి వచ్చి రాలిన బూడిద. వాన నీళ్ళు చుట్టుపక్కల రాలినదాన్ని కూడా లోయలోకి కడిగి తెచ్చాయి. పినతూబో కక్కినదానికి టోబా కక్కినది వందల రెట్లు. టోబా శిఖరం ఉన్న చోట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడుగున సరస్సు ఉంది.

ఆ దెబ్బకు మనిషి జాతి అంతరించవలసినంత పనైందని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. జ్వాలాపురంలో తవ్వి చూసినవాళ్ళు 2007లో ప్రకటించిందేమంటే, బూడిదకు కిందా మనుషుల రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి, రెండూ ఇంచుమించు ఒకే పద్ధతిలో చేసినవి. వాదం ఇంకా తెగలేదు.

తవ్వకాల వాళ్ళు రాకముందే ఊరివాళ్ళకు ఆ పొడి తెలుసు. అది గాజుపొడి గనక మురికిని బాగా గీకుతుంది. గిన్నెలు తోమే పొడిలో కలపటానికి గోతులు తీసి, జల్లెడ పట్టి, బస్తాలకెత్తి అమ్మారు.